కొత్త స్టీలు గిన్నెలో తుప్పు చుక్కలు, అయస్కాంతం కూడా అంటుకుంటోంది. మోసపోయానా?

గుంటూరు_కోడలు | ఆదివారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. పోయిన నెల గృహప్రవేశానికి స్టీలు సామాను కొన్నాం. కొట్టతను అన్నీ 304 (మంచి రకం స్టీలు గ్రేడట) అని చెప్పి కిలో లెక్కన తూచి ఇచ్చాడు. మూడు వారాలు కూడా కాలేదు, పెద్ద గిన్నె లోపల గోధుమరంగు చుక్కలు వచ్చాయి. తోమితే పోతున్నాయి, రెండు రోజులకి మళ్లీ వస్తున్నాయి.

ఎవరో వీడియోలో చెప్పారని ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసి పెట్టి చూశాను. అడుగున టక్కున అతుక్కుంది. పక్కల పెడితే జారిపోయింది. పైన అంచు దగ్గర మాత్రం కాస్త లాగుతున్నట్టుంది. చిన్న ప్లేట్లకి అసలు అంటుకోలేదు.

మా ఆయనేమో "ఇది ఇనుము మీద స్టీలు పూత, పూత పోయింది" అంటున్నారు. అత్తయ్య "మా కాలం స్టీలు వేరు" అని రోజుకి రెండుసార్లు అంటోంది. అసలు స్టెయిన్‌లెస్ అంటే పూతా? ఎవరైనా తెలిసినవాళ్లు చెప్పండి.

రాజా_బెజవాడ | ఉదయం 10:20

అయస్కాంతం అంటుకుందంటే డూప్లికేటే. వెళ్లి గట్టిగా అడగండి.

పాత_ఫోర్‌మన్ | ఉదయం 11:05

రాజా, తొందరపడకు బాబూ. నేను ముప్పై ఏళ్లు రోలింగ్ మిల్లులో చేశాను. అయస్కాంతంతో స్టీలు నాణ్యత తేల్చడం అంటే చెయ్యి పట్టుకుని షుగర్ చెప్పినట్టే.

అమ్మా, ఒక్కొక్కటిగా చెప్తాను.

అడుగున అతుక్కుందంటే మీది ఇండక్షన్ స్టవ్ మీద కూడా పనిచేసే గిన్నె అయ్యుండాలి. ఇండక్షన్‌కి అయస్కాంతం పట్టే లోహం కావాలి. అందుకని కింద 430 రకం బిళ్ల అతికిస్తారు. 430లో 16 నుంచి 18 శాతం క్రోమియం ఉంటుంది, నికెల్ కలపరు. అదీ స్టెయిన్‌లెస్సే.

పక్కల జారిపోవడం 304 అయితే సహజం. అందులో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. నికెల్ కలిసేసరికి లోపల అణువుల అమరిక మారిపోతుంది, అయస్కాంతానికి పలకదు.

అంచు దగ్గర కాస్త లాగడం చూశారే, అది గమనించారంటే మీకు మెచ్చుకోలు. రేకుని డైలో పెట్టి ప్రెస్సు కిందికి లాగి గిన్నె చేస్తారు. ఎక్కడ రేకు బాగా వంగిందో, సాగిందో అక్కడ అమరిక కొంత తిరగబడి అయస్కాంతం పట్టే రకంగా మారుతుంది. మంచి 304లోనూ ఇది జరుగుతుంది. దీనివల్ల మీ గిన్నె మీద అనుమానం పెరగక్కర్లేదు.

నాకు అనుమానం వచ్చింది ప్లేట్ల మీద. నికెల్ ఖరీదు. అది తగ్గించి మాంగనీస్ ఎక్కువ వేసి చేసేదాన్ని 200 సిరీస్ అంటారు. దానికీ అయస్కాంతం అంటుకోదు! చూశారా మీ వీడియో పరీక్ష ఎలా ఉందో. మంచి 430ని పట్టుకుని దొంగ అంటుంది, 304 పేరు పెట్టుకున్న 202ని (అదీ 200 సిరీసే) దండేసి పంపిస్తుంది.

రెండు ప్రశ్నలు. గిన్నె దేంతో తోముతున్నారు? చన్నీళ్లలో ఉప్పు వేసి ఎసరు పెట్టే అలవాటుందా?

గుంటూరు_కోడలు | ఉదయం 11:31

అవునండీ, ఇండక్షన్ గిన్నే. చెప్పడం మర్చిపోయాను. తోమేది పది రూపాయల ఇనప పీచుతో, అది సింకు పక్కన తడిగానే పడి ఉంటుంది, అదే తుప్పు పట్టింది. ఉప్పు మాత్రం ముందే వేస్తాం, అత్తయ్య పద్ధతి.

లెక్కల_మాస్టారు_కాదు_కెమిస్ట్రీ | మధ్యాహ్నం 12:40

తుప్పు పీచుదే. గిన్నెది కాదు. తోమినప్పుడు పీచులోంచి సన్నటి ఇనప రవ్వలు స్టీలు మీద అంటుకుని అక్కడ కూర్చుని తుప్పు పడతాయి. మనం గిన్నెని తిడతాం. తోమితే పోయి రెండు రోజులకి మళ్లీ రావడానికి కారణం కూడా అదే, పోగొట్టేదీ తెచ్చిపెట్టేదీ ఒకే పీచు.

ఇక పూతా కాదా అన్న దానికి. మీ అత్తయ్యగారి దగ్గర పేరు చెక్కించిన పాత గ్లాసో చెంబో ఉందా? దాన్ని తెచ్చి కిటికీ దగ్గర పెట్టి చూడండి.

మా అమ్మ పేరున్న చెంబు నా ముందే ఉంది. 1986 అని సంవత్సరం కూడా చెక్కించింది. కొట్టు గుమ్మం దగ్గర కూర్చున్న కుర్రాడు జుయ్‌మని మిషన్ పెట్టి చుక్కచుక్కగా చెక్కిన అక్షరాలు. "క" ఒంపు దగ్గర మిషన్ జారి ఒక గీత పక్కకి పోయింది. చుక్కలు గోరుకి తగిలేంత లోతు. పైన పూతే అయితే ఆ రోజే తెగిపోయి ఉండాలి, మొదట తుప్పు పట్టాల్సింది ఆ అక్షరాలే. సైకిల్ హ్యాండిల్ గుర్తు చేసుకోండి. అది ఇనుము మీద క్రోమ్ పూత. ఒక్కచోట గీత పడితే కింద నుంచి తుప్పు ఉబ్బి పొర పెచ్చులుగా లేస్తుంది. ఈ చెంబు దాదాపు నలభై ఏళ్లుగా చింతపండుతో తోమించుకుంటోంది, అక్షరాల్లో మసి తప్ప తుప్పు లేదు.

ఎందుకంటే క్రోమియం పైన లేదు, లోపలంతా కలిసి ఉంది. సుమారు పదిన్నర శాతం దాటితే అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన తనకు తానే ఒక పొర కట్టుకుంటుంది. మందం రెండు మూడు నానోమీటర్లు, అంటే తలవెంట్రుకలో సుమారు ముప్పై వేలో వంతు. కంటికి కనపడదు. గీరితే పోతుంది, కాస్త గాలి తగిలితే మళ్లీ కట్టుకుంటుంది. మీ ఆయనగారు పూత అన్నది పూర్తిగా తప్పని కూడా అనలేను. కాకపోతే ఎవరూ పూయలేదు.

గుంటూరు_కోడలు | మధ్యాహ్నం 1:15

అత్తయ్య పెళ్లి బిందె తీశాం. పేరు పక్కనే చిలక బొమ్మ కూడా ఉంది. నిజమే, ఒక్క చుక్క తుప్పు లేదు. ఇప్పుడు ఆవిడ "నే చెప్పలా" అంటోంది. గెలిచింది ఎవరో నాకర్థం కాలేదు.

సాగరతీరం_విశాఖ | మధ్యాహ్నం 2:02

మాస్టారూ, తనకు తానే కట్టుకుంటుంది అన్నారు, మరి మా బాల్కనీ రెయిలింగ్ సంగతేంటి? సముద్రానికి అర కిలోమీటరు. 304 అనే వేయించాం, బిల్లు కూడా ఉంది. ఏడాదిన్నరకి టీ మరకల్లాంటి చుక్కలు.

పాత_ఫోర్‌మన్ | మధ్యాహ్నం 2:30

దానికి శత్రువు ఉప్పు. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరలో బలహీనంగా ఉన్నచోట పట్టుకుని సూది మొనంత గుంట చేస్తుంది. ఒకసారి గుంట పడితే లోపలికి ఆక్సిజన్ సరిగా అందదు, పొర మళ్లీ కట్టుకోవడానికి వీలుండదు. బయట చుక్కే, లోపల తొలుచుకుంటూ పోతుంది. సముద్రపు గాలికి 316 వేయించాలి, అందులో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది. ఖరీదు ఎక్కువే. ఇప్పుడున్న రెయిలింగ్‌ని వారానికోసారి మంచినీళ్లతో కడిగి తుడవండి, చాలావరకు ఆగుతుంది.

గుంటూరు అమ్మా, మీ ఎసరు ఉప్పు కూడా ఇదే కథ. చన్నీళ్లలో వేసిన కల్లుప్పు కరగకుండా అడుగున కూర్చుంటుంది. అది కూర్చున్నచోట ఉప్పు గాఢత విపరీతం, కింద మంట. నీళ్లు మరిగాక వేసి కలపండి. ఊరగాయ జాడీలోనే పెట్టాలని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

రాజా_బెజవాడ | సాయంత్రం 4:10

సరే నేను ఓడిపోయా 🙂 ఇంతకీ ఇది కనిపెట్టింది ఎవరు?

లెక్కల_మాస్టారు_కాదు_కెమిస్ట్రీ | సాయంత్రం 5:25

ఒక్కరని చెప్పలేం, అదే ఇందులో మజా.

పుస్తకాల్లో పేరు హ్యారీ బ్రియర్లీది. ఇంగ్లండులో షెఫీల్డ్. 1912లో ఆయనకిచ్చిన పని గిన్నెల గురించి కాదు, తుపాకుల గురించి. కాల్చినప్పుడు వేడికి తుపాకీ గొట్టాలు లోపల అరిగిపోతున్నాయి, అరగని ఉక్కు కావాలి. క్రోమియం పాళ్లు మార్చి మార్చి పోత పోశారు. 1913 ఆగస్టు 13న పోసిన దాంట్లో 12.8 శాతం క్రోమియం, 0.24 శాతం కార్బన్. ఉక్కు లోపలి నిర్మాణం మైక్రోస్కోపులో చూడాలంటే ముందు నునుపు చేసి ఆమ్లంతో కొంచెం కొరికించాలి. ఈ ముక్కని ఆమ్లం కొరకలేదు. వెనిగర్, నిమ్మరసం పెట్టి చూశాడు, వాటికీ లొంగలేదు. పనికిరాదని పక్కన పెట్టేయదగ్గ ఫలితం. ఆయన షెఫీల్డ్ మనిషి కాబట్టి కత్తులు గుర్తొచ్చాయి. ఆ ఊరంతా చాకులు, ఫోర్కులు చేసేవాళ్లే. ఆ రోజుల్లో భోజనం కత్తుల్ని రోజూ తోమి తుడవకపోతే నల్లబడేవి.

ఆయన పెట్టిన పేరు "తుప్పు పట్టని ఉక్కు". "స్టెయిన్‌లెస్" అన్న మాట అక్కడి కత్తుల కంపెనీలో మేనేజరు ఎర్నెస్ట్ స్టువర్ట్‌ది. హక్కుల మీద యాజమాన్యంతో పేచీ వచ్చి బ్రియర్లీ 1915లో ఆ ఉద్యోగమే వదిలేశాడు.

అయితే మన గిన్నెలు బ్రియర్లీ సంతానం కాదు! జర్మనీలో క్రుప్ కంపెనీలో మౌరర్, స్ట్రాస్ అనే ఇద్దరు 1912లోనే క్రోమియంతో పాటు నికెల్ కూడా వేసిన రకానికి పేటెంటు దరఖాస్తు పెట్టారు. 304కి పూర్వీకుడు అది. 18 క్రోమియం, 8 నికెల్ పాళ్లు కుదిర్చింది బ్రియర్లీ తర్వాత ఆ షెఫీల్డ్ ప్రయోగశాలకి వచ్చిన హాట్‌ఫీల్డ్, 1924లో.

పాత_ఫోర్‌మన్ | సాయంత్రం 5:50

మాస్టారూ, ముఖ్యమైనది వదిలేశారు. బ్రియర్లీ చేసిన రకంలో నికెల్ లేదు. అయస్కాంతానికి శుభ్రంగా అతుక్కుంటుంది. రాజా పరీక్ష పెట్టుంటే ఆయన్ని కూడా డూప్లికేట్ అని వెళ్లగొట్టేవాడు. మీ వంటింట్లో కూరగాయల చాకుకి ఇప్పుడు అయస్కాంతం పెట్టి చూడండి. చాలా చాకులు ఇంకా ఆ వంశమే, పదును నిలవాలంటే అది కావాలి.

రాజా_బెజవాడ | సాయంత్రం 5:53

నన్నొదిలేయండి సార్

ఇందూరు_పోరడు | రాత్రి 8:15

షెఫీల్డ్ కంటే ముందు మా నిజామాబాద్ జిల్లా కోనసముందర్ ఉంది అన్నా. డమాస్కస్ కత్తులకి ఉక్కు ఇక్కడి నుంచే పోయింది. వాళ్లు "వూట్జ్" అన్నది మన "ఉక్కు"నే. స్టెయిన్‌లెస్ కూడా మనోళ్లే చేసిన్రు, తెల్లోళ్లు పేటెంట్ కొట్టిన్రు. ఢిల్లీ ఇనుప స్తంభమే సాక్ష్యం, 1600 ఏండ్ల నుంచి తుప్పు లేదు.

పాత_ఫోర్‌మన్ | రాత్రి 9:02

తమ్ముడూ, మొదటి సగానికి శభాష్. రెండో సగానికి ఒప్పుకోను.

కోనసముద్రం నిజం. 1820ల్లో సర్వే బృందంతో తిరిగిన డాక్టర్ హెన్రీ వాయ్సీ అక్కడికి వెళ్లి మూసల్లో ఉక్కు కరిగించడం కళ్లారా చూసి రాశాడు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వ్యాపారి అక్కడే మకాం వేసి, ముద్దలు దగ్గరుండి చేయించి కొనుక్కుపోతున్నాడని కూడా రాశాడు. అంత దూరం నుంచి వచ్చి కొలిమి పక్కన కూర్చున్నాడంటే సరుకు ఎలాంటిదో ఊహించుకో.

కానీ ఆ ఉక్కు గొప్పతనం కార్బన్‌లో ఉంది. సుమారు ఒకటిన్నర శాతం. మూసలో నెమ్మదిగా చల్లార్చి, తక్కువ వేడి మీద జాగ్రత్తగా సాగగొడితే డమాస్కస్ కత్తుల మీద కనిపించే ఆ నీటి అలల్లాంటి చారలు తేలతాయి. ఖనిజంలో రవ్వంత వెనేడియం ఉండటమే ఆ చారలకి కారణమని ఇటీవలి పరిశోధకులు చూపించారు. కత్తి పదును అద్భుతం. తుప్పు మాత్రం పడుతుంది, నూనె రాయకపోతే బాగానే పడుతుంది.

ఢిల్లీ స్తంభంలో క్రోమియం లేదు. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ. దానివల్ల తుప్పు మొదలైన చోటే ఒక గట్టి ఫాస్ఫేట్ పొర ఏర్పడి ఇక ముందుకు పోనివ్వదు. ఐఐటీ కాన్పూర్ ప్రొఫెసర్ బాలసుబ్రమణియం దీన్ని వివరంగా తేల్చారు. అదీ తనకు తాను కట్టుకున్న పొరే, కానీ స్టెయిన్‌లెస్ వేరు.

లెక్కల_మాస్టారు_కాదు_కెమిస్ట్రీ | రాత్రి 9:40

ఇందూరు తమ్ముడికి నా తరఫున ఒక కానుక. నువ్వన్న లంకె పూర్తిగా అబద్ధం కాదు.

మన వూట్జ్ ముద్దలు లండన్ చేరాక అక్కడివాళ్లకి నిద్ర పట్టలేదు. జార్జ్ పియర్సన్ 1795లో రాయల్ సొసైటీలో దాని మీద పత్రం చదివాడు. తర్వాత ఫారడే, అవును, మోటార్ల ఫారడేనే, కమ్మరి కొడుకు. ఆయన, స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుడు కలిసి వూట్జ్ రహస్యం పట్టుకోవాలని 1819 నుంచి మొదలుపెట్టారు. రహస్యం దొరకలేదు. కానీ ఆ వెతుకులాటలో ఉక్కులో వెండి, ప్లాటినం, రోడియం, క్రోమియం, చేతికందినదల్లా కలిపి చూశారు. మిశ్రమ ఉక్కుల మీద పద్ధతి ప్రకారం చేసిన తొలి ప్రయోగాల్లో అవి ఉంటాయి. అదే రోజుల్లో, 1821లో ఫ్రాన్స్‌లో బెర్తియే క్రోమియం కలిపిన ఇనుము ఆమ్లాలకి లొంగడం లేదని గమనించి, కత్తులకి పనికొస్తుందనీ రాశాడు. అయితే ఆయన చేసిన దాంట్లో కార్బన్ ఎక్కువ, పెళుసు. తక్కువ కార్బన్‌తో క్రోమియం ఉక్కు చేయడం చేతకావడానికి ఇంకా ఎనభై ఏళ్లకు పైగా పట్టింది.

కోనసముద్రం నుంచి షెఫీల్డ్‌కి నేరుగా దారి గీయొద్దు. కానీ ఆ ముద్ద లేకపోతే ఫారడే ఉక్కు జోలికి వచ్చేవాడా అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఇందూరు_పోరడు | రాత్రి 9:58

గిదైనా చాలు మాస్టారూ. మా అమ్మమ్మ ఊరు అటు దిక్కే. చేన్లల్ల నల్లటి చిట్టెం గడ్డలు దొరుకుతుండె, మేం చెరువుల గిరాటేసి ఆడుకునేటోళ్లం.

కాంచన్‌బాగ్_కుర్రాడు | రాత్రి 10:20

మా వీధి చివరే మిధాని (మిశ్ర ధాతు నిగమ్, 1973 నుంచి ఉంది). పేరులోనే మిశ్రమ లోహం. అక్కడ చేసే మరేజింగ్ ఉక్కు వూట్జ్‌కి సరిగ్గా తిరగేసినది, కార్బన్ దాదాపు ఉండకూడదు, నికెల్ 18 శాతం. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ మోటారు తొడుగు చేసేది ఆ ఉక్కుతోనే.

బాపట్ల_వంటిల్లు | సోమవారం, ఉదయం 7:05

రాకెట్లు బాగానే ఉన్నాయి, పూతల సంగతి మొదలెట్టి కళాయి మర్చిపోయారేం?

మా వీధిలోకి కళాయి ఆయన వస్తే పిల్లలందరం గుమిగూడేవాళ్లం. నేలలో చిన్న గొయ్యి, బొగ్గులు, తిత్తి. ఇత్తడి గిన్నె కాలాక నవసాగరం పొడి చల్లి దూదితో తుడిచేవాడు, గుప్పున తెల్లటి పొగ, ముక్కు మండేది. వెంటనే తగరం కడ్డీ ఒక్కసారి అలా తాకించి అదే దూదితో చుట్టూ తిప్పితే గిన్నె లోపల వెండిలా మారిపోయేది. తర్వాత నీళ్లలో ముంచితే చుయ్‌మని శబ్దం. పులుసు, పప్పుచారు అలాంటి గిన్నెలోనే. కళాయి పోతే పులుపుకి చిలుము ఎక్కి కూర చేదయ్యేది.

నా ప్రశ్న ఏంటంటే, ఈ మధ్య పాత ఇత్తడి గిన్నెకి కళాయి వేయించి పోపు పెట్టాను, లోపల పూసలు పూసలుగా తేలింది. పనివాడు మోసం చేశాడా?

లెక్కల_మాస్టారు_కాదు_కెమిస్ట్రీ | ఉదయం 8:30

పాపం ఆయన తప్పు లేదండీ. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. నీళ్లుంటే 100 దగ్గర ఆగుతుంది, పర్లేదు. ఖాళీ గిన్నెలో నూనె వేసి పొగలొచ్చేదాకా కాస్తే కరిగి పూసలవుతుంది. పోపు వేరే గరిటెలో పెట్టి పోయండి. వేయించేటప్పుడు సీసం కలవని స్వచ్ఛమైన తగరమేనా అని మాత్రం గట్టిగా అడగండి.

సాగరతీరం_విశాఖ | ఉదయం 8:41

అయితే నాన్‌స్టిక్? దేనికీ అంటుకోని పదార్థం పెనానికి ఎలా అంటుకుంది? చిన్నప్పటి నుంచీ డౌటు.

లెక్కల_మాస్టారు_కాదు_కెమిస్ట్రీ | ఉదయం 9:10

మంచి డౌటు. 1938 ఏప్రిల్‌లో డ్యూపాంట్‌లో రాయ్ ప్లంకెట్ తెరిచిన సిలిండర్‌లోంచి గ్యాసు రాలేదు, తూకం మాత్రం తగ్గలేదు. కోసి చూస్తే లోపల తెల్లటి మైనం లాంటి పొడి. అదే టెఫ్లాన్. పదహారేళ్ల తర్వాత ఫ్రాన్స్‌లో మార్క్ గ్రెగ్వార్ అల్యూమినియాన్ని ఆమ్లంతో కొరికించి, కంటికి కనపడని గుంటలు చేసి, వాటిలో ఈ పొడి నింపి కరిగించాడు. జిగురుతో అంటుకోలేదు, గుంటల్లో ఇరుక్కుంది. అందుకే ఇనప గరిటెతో గీరితే ఊడొస్తుంది, మళ్లీ కట్టుకోదు. ఖాళీ పెనం పెద్ద మంట మీద వదిలేయకండి, 260 డిగ్రీలు దాటితే పాడవడం మొదలవుతుంది.

మోడరేటర్ | ఉదయం 9:30

నాన్‌స్టిక్ ఆరోగ్యానికి మంచిదా కాదా అన్నది దయచేసి వేరే చర్చలో. పోయినసారి ఏం జరిగిందో అందరికీ గుర్తుందిగా.

స్టీలు_కొట్టు_అబ్బాయి | ఉదయం 11:15

మా నాన్నది సామాన్ల కొట్టే కాబట్టి లోపలి మాట చెప్తా. మేం సరుకు దించుకునేటప్పుడు అయస్కాంతం వాడం. చుక్కమందు సీసా, 9 వోల్టుల బ్యాటరీ ఉంటాయి. గిన్నె వెనక ఒక చుక్క వేసి బ్యాటరీ ఆనిస్తే కొన్ని క్షణాల్లో రంగు తిరుగుతుంది. మా సీసాకైతే ఎరుపొస్తే మాంగనీస్ ఎక్కువ, 200 సిరీస్. పసుపుగా ఉంటే 304. సీసాని బట్టి రంగులు మారతాయి, పైన చార్టు ఉంటుంది. మరక పడుతుంది కాబట్టి కనపడనిచోటే వేయాలి. గుంటూరు మేడమ్, పాత సామాను కొనే పెద్ద షాపుల్లో కూడా ఈ సీసా ఉంటుంది. బిల్లు మీద గ్రేడు రాయమంటే చాలామంది నసుగుతారు. నసిగారంటే ఆలోచించండి.

200 సిరీస్ విషం కాదు, అదీ చెప్పాలి. డబ్బాలకి, పొడి వస్తువులకి హాయిగా పనికొస్తుంది. ఉప్పు, పులుపు తగిలేచోట త్వరగా మచ్చలు పడుతుంది. తప్పల్లా 304 ధరకి అమ్మడమే.

పాత_ఫోర్‌మన్ | ఉదయం 11:40

నిజం చెప్పావు నాయనా. అమ్మా, ముందు ఆ పీచు పారేయండి. లీటరు వేడినీళ్లలో మూడు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి గిన్నెలో పోసి అరగంట ఉంచండి. అంటుకున్న ఇనప రవ్వల్ని అది కరిగించేస్తుంది. కడిగి, తుడిచి, ఒక రాత్రి గాలికి ఆరనివ్వండి.

గుంటూరు_కోడలు | శనివారం, సాయంత్రం 6:20

ఆలస్యానికి క్షమించండి, అన్నీ చేసి చూసి రాద్దామని ఆగాను.

నిమ్మ ఉప్పు పోశాను. చుక్కలన్నీ పోయాయి. ఐదు రోజులైంది, మళ్లీ రాలేదు. అడుగున రెండు సూది మొన గుంటలు మాత్రం ఉన్నాయి, గోరు పెడితే తెలుస్తోంది. అవి ఎసరు ఉప్పువి. అత్తయ్యకి చూపించాను. ఏమీ అనలేదు, కానీ నిన్నటి నుంచి మరిగాకే వేస్తోంది.

పాత సామాను షాపులో చుక్క వేయించాం. గిన్నె పసుపు. ప్లేట్లు పన్నెండుకి పన్నెండూ ఎరుపు! ఫోర్‌మన్ గారూ, మీరు చూడకుండానే చెప్పారు. కొట్టుకి పట్టుకెళ్తే "ప్లేట్లు కూడా 304 అని మేమెప్పుడు చెప్పాం" అన్నాడు. బిల్లు మీద "స్టీలు సామాను, 11 కేజీలు" అని మాత్రమే ఉంది. మా ఆయన కాసేపు గొడవపడితే ప్లేట్లు వెనక్కి తీసుకుని సగం డబ్బుకి వేరే సరుకు ఇచ్చాడు. ఈసారి బిల్లు మీద గ్రేడు రాయించాం.

పేరు చెక్కే అబ్బాయి "ఏం పేరు మేడమ్" అని అడిగితే, అత్తయ్య వెనక నుంచి "ముందు 304 అని చెక్కు, పేరు తర్వాత చూద్దాం" అంది.

పాత_ఫోర్‌మన్ | సాయంత్రం 6:45

😀 ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి. వీలైతే సింకు మీద కూడా ఒక చుక్క వేయించండి, కింద వైపు.